సభల కాలంలో సొంత పనికి చోటు మిగలాలంటే

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 5 గురువుల రోజు. 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. 15న ఇంజినీర్ల రోజు. ఈ పద్దెనిమిది రోజుల్లో హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో సభ లేని సాయంత్రం వెతికినా దొరకదు. ఫిబ్రవరి వచ్చిందంటే మళ్లీ ఇదే వరస: 21న మాతృభాషా దినం, 28న సైన్స్ దినం, మార్చి 8న మహిళా దినం, 21న కవితా దినం, ఆ చుట్టుపక్కలే ఉగాది కవి సమ్మేళనాలు. గ్రాంటు సొమ్ము మార్చి 31లోగా ఖర్చుపెట్టి లెక్క చూపాలి కాబట్టి కాలేజీల జాతీయ సదస్సులు కూడా ఆ రెండు నెలల మీదే పడతాయి. 1904లో పుట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం గ్రంథాలయం మొదలుకొని 2024లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం దాకా సభలకు అలవాటుపడ్డ ఊరు ఇది. సభలు తగ్గాలని ఎవరమూ కోరం.

మా బాధ వేరు. పిలుపులు వెళ్లేది ఎప్పుడూ కొద్దిమందికే. ఆ కొద్దిమందికీ ఇంటి దగ్గర సొంత పని ఒకటి ఉంటుంది. ఒకరు శాసనాలు వెతుకుతుంటారు, ఒకరు ఊరి చరిత్ర రాస్తుంటారు, ఒకరు ముసలమ్మల పాటలు రికార్డు చేస్తుంటారు, ఇంకొకరు తెలుగు వికీపీడియాకు వ్యాసాలు రాస్తుంటారు, తెలుగు టైపింగుకు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంటారు. వాళ్లను సభలకు పిలిచేదే ఆ పని చూసి. పిలుపులు ఎక్కువై ఆ పనే ఆగిపోతుంది. రెండు మూడేళ్లు ఇట్లా గడిస్తే ప్రసంగంలో కొత్త మాట ఉండదు, పాత ప్రసంగమే ఊరూరా తిరుగుతుంది. నిర్వాహకులు, వక్తలు ఇద్దరూ కొంచెం లెక్క పాటిస్తే దీన్ని తప్పించవచ్చు.

ముందు వక్త లెక్క. కరీంనగర్‌లో 20 నిమిషాల ప్రసంగం ఒప్పుకున్నారనుకోండి. హనుమకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు, పోను రాను నాలుగు. కార్డు మీద 10 గంటలని వేసిన సభ 11:30కి మొదలైతే గంటన్నర కుర్చీలోనే పోతుంది. సభలో మూడు గంటలు. కొత్త విషయమైతే చదవడం, రాయడం, గడియారం పెట్టుకొని ఒకసారి పైకి చెప్పి చూసుకోవడం, ఇవన్నీ కలిపి పది గంటలకు తగ్గదు. ఫొటో పంపండి, బయోడేటా పంపండి, శీర్షిక చెప్పండి అనే ఫోన్లకు ఇంకో గంట. మొత్తం 19 గంటల 30 నిమిషాలు. వారంలో మూడు ఒప్పుకుంటే 58 గంటలు దాటుతుంది. ఉద్యోగం చేసుకునేవాళ్లు ఈ గంటలను నిద్రలోంచి తీయాలి, లేదా సొంత పనిలోంచి తీయాలి. చాలామంది రెంటిలోంచీ తీస్తారు.

అందుకే సభల కాలంలో వారానికి రెండు ప్రసంగాలు, వాటిలో ఒకటే కొత్తది అని ముందే గిరి గీసుకోవాలి. ఒకే ప్రసంగాన్ని మూడు ఊళ్లలో చెప్పడం తప్పేమీ కాదు, వినేవాళ్లు వేరు కదా. మూడింట రెండు వంతులు అట్లాగే ఉంచి, ఒక వంతు ఆ ఊరికి తగ్గట్టు మార్చితే సరిపోతుంది. శాసనాల మీద మాట్లాడేటప్పుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుని శాసనం ఉదాహరణ అవుతుంది. కరీంనగర్‌లో గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట మీద కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం, అందులోని తెలుగు కంద పద్యాలు ఉదాహరణ అవుతాయి. తయారీ పది గంటల నుంచి మూడుకు దిగుతుంది, వినేవాళ్లకు తమ ఊరి సంగతి దొరుకుతుంది. ఫొటో, అరవై మాటల్లో పరిచయం, ప్రసంగ శీర్షిక ఫోన్‌లో ఒకేచోట దాచుకుంటే గంట ఫోన్లు పది నిమిషాల్లో తేలతాయి.

ఒప్పుకునే ముందు నిర్వాహకులను సూటిగా అడగాలి. నాకు ఎన్ని నిమిషాలు? నా కంటే ముందు ఎవరు, ఎందరు? వినేవాళ్లు డిగ్రీ పిల్లలా, పరిశోధకులా, కాలనీ పెద్దలా? తెర ఉందా? నన్ను ఎన్నింటికి వదులుతారు? ఇట్లా అడిగితే మర్యాద కాదేమోనని చాలామంది మొహమాటపడతారు. అడగకపోతేనే అందరికీ ఇబ్బంది: అరగంటకు సిద్ధమైన మనిషికి వేదిక మీద చీటీ వస్తుంది, 'ఐదు నిమిషాల్లో ముగించగలరు' అని.

ఇక నిర్వాహకుల లెక్క. వేదిక మీద పన్నెండు కుర్చీలు వేస్తారు. ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచి, బొకే ఇచ్చి, శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి ఫొటో తీసేసరికి రెండున్నర నిమిషాలు. పన్నెండు మందికి అరగంట. తర్వాత ఒక్కొక్కరూ 'రెండు మాటలు' అంటూ ఎనిమిది నిమిషాలు తీసుకుంటే 96 నిమిషాలు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం లెక్కలో చేర్చకముందే ప్రారంభ సభ రెండు గంటలు దాటింది. అసలు సదస్సు భోజనానికి ముందు దొరికిన అరగంటలో ఇరుక్కుంటుంది. దూరం నుంచి వచ్చిన వక్త సమయానికి కోత పడేది ఇక్కడే.

వేదిక మీద ఐదుగురు చాలు. మిగతా పెద్దలకు ముందు వరసలో కుర్చీల మీద పేర్లు అంటించి, స్వాగతంలో వాళ్ల పేర్లు చదివితే గౌరవం ఏమీ తగ్గదు. సన్మానాలన్నీ ఒక్కసారే, చివరి సమావేశానికి ముందు పెట్టుకోవాలి. సర్టిఫికెట్లు భోజనాల దగ్గర పంచితే మధ్యాహ్నం హాలు ఖాళీ అవుతుంది. ఏ సమావేశం వాళ్లకు ఆ సమావేశం ముగియగానే అధ్యక్షుల చేత ఇప్పిస్తే రైలు ఉన్నవాళ్లకూ ఇబ్బంది ఉండదు.

టైమ్ చూసే మనిషిని చాలాచోట్ల వేదిక మీద వక్త పక్కన కూర్చోబెడతారు. వక్త చూసేది జనం వైపు కాబట్టి కార్డు కంటపడదు. ఆ మనిషి ముందు వరస నడుమ కూర్చోవాలి. మూడు కార్డులు చాలు: 5, 2, 'ఆపండి'. అంకెలు అరచేయంత ఉండాలి. మొదటి వక్త పది నిమిషాలు ఎక్కువ తీసుకున్నా ఊరుకుంటే తర్వాతి ఎవరినీ ఆపే హక్కు అధ్యక్షులకు ఉండదు. మొదటి మనిషి దగ్గరే గట్టిగా ఉండాలి, ఆయన ఎంత పెద్దవారైనా సరే. 90 నిమిషాల సమావేశంలో పది పత్రాలు పెడితే ఒక్కోదానికి 8 నిమిషాలు, ప్రశ్నలకు మిగిలేది పది. ఆరు పత్రాలైతే 12 నిమిషాల చొప్పున చెప్పినా ప్రశ్నలకు 18 నిమిషాలు మిగులుతాయి. ప్రశ్నలు లేని సదస్సుకు ఊరు దాటి పోవడం ఎందుకు? పత్రం పుస్తకంలో ఎట్లాగూ అచ్చవుతుంది.

పత్ర సమర్పణలో ఎక్కువగా జరిగే పొరపాటు లెక్కదే. ఏ4 కాగితం మీద 14 పాయింట్లలో సుమారు 250 నుంచి 300 తెలుగు మాటలు పడతాయి. వేదిక మీద అర్థమయ్యేటట్టు చెబితే నిమిషానికి 80 నుంచి 100 మాటలు వస్తాయి. పేజీకి మూడు నిమిషాలన్న మాట. పది పేజీల పత్రాన్ని పది నిమిషాల్లో చదవబోతే మూడు పేజీల దగ్గర గంట కొడతారు. అప్పటికి ఉపోద్ఘాతం కూడా అయిపోదు. చదవడానికి వేరే రాసుకోవాలి, 900 మాటలు మించకుండా. మొదటి నిమిషంలోనే తేల్చిన సంగతి చెప్పేయాలి, తర్వాత గట్టి ఆధారాలు రెండు, ఆ తర్వాత ఇంకా తేలనిది ఏమిటో చెప్పాలి. తేలనిది చెప్పినప్పుడే హాల్లోంచి సాయం వస్తుంది. ఇక సంబోధన. 'వేదికను అలంకరించిన పెద్దలు' అని మొదలుపెట్టి అందరి పేర్లూ చదివితే రెండు నిమిషాలు పడుతుంది. 15 నిమిషాల ప్రసంగంలో అది ఏడో వంతుకు దగ్గర. 'సభకు నమస్కారం' అంటే సరిపోతుంది.

రాసిన కాగితాల కంటే పోస్టుకార్డు సైజు అట్టముక్కలు నయం. 15 నిమిషాలకు ఆరు అట్టలు, ఒక్కోదాని మీద నాలుగైదు పెద్దక్షరాల పంక్తులు. పేర్లు, సంవత్సరాలు, అంకెలు మాత్రం పూర్తిగా రాసుకోవాలి, తడబడేది వాటి దగ్గరే. మూడో అట్ట మూలన '7' అని రాసుకుంటే అక్కడికి ఏడు నిమిషాలు అయి ఉండాలని గుర్తు. ఆలస్యమైతే ఏ అట్ట వదిలేయాలో ఇంటి దగ్గరే గీత గీసి పెట్టుకోవాలి. వేదిక మీద ఆ ఎంపిక చేయబోతే ముఖ్యమైనదే జారిపోతుంది.

మైకు సంగతి. చేతి మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు వంచి పట్టుకోవాలి. మరీ ఎదురుగా పెడితే ప, బ, ఫ, భలు పలికినప్పుడు గాలి కొట్టి ధమ్మంటుంది. మైకు తలకాయను గుప్పిట్లో మూసి పట్టుకుంటే అది అన్ని వైపుల శబ్దాన్నీ పట్టి కూత పెడుతుంది. కూత రావడానికి పెద్ద కారణం ఇంకోటి ఉంది: సౌండ్ బాక్సులు మైకు వెనక ఉండటం. బాక్సులోంచి వచ్చిన శబ్దం మైకులో పడి, మళ్లీ బాక్సులోకి వెళ్లి పెరుగుతూ పోతుంది. బాక్సులు మైకు కంటే ముందు, జనం తలల కంటే ఎత్తులో, ముఖం జనం వైపు తిప్పి ఉండాలి. మైకును ఊది, తట్టి చూడటం మానుకోవాలి, లోపలి పొర దెబ్బతినవచ్చు. ఒకటి నుంచి పది దాకా మామూలు గొంతుతో లెక్కపెడుతూ వెనక వరసలో ఒకరిని నిలబెట్టి అడిగితే చాలు. కార్డ్‌లెస్ మైకులో బ్యాటరీలు సభకు ముందు కొత్తవి వేయాలి. సగం అరిగినవి తీరా ముఖ్య అతిథి నోటి దగ్గరే ఆగుతాయి. కాలర్ మైకు పెట్టుకున్న వక్తకు శాలువా కప్పితే మైకు బట్ట కిందికి పోతుంది, జరీ రాసుకొని గరగర వస్తుంది. సన్మానం ప్రసంగం తర్వాత పెట్టడానికి ఇదొక్క కారణం చాలు.

ఫంక్షన్ హాళ్లలో టైల్స్ గోడలు, ఎత్తైన కప్పు, ఖాళీ నేల ఉంటాయి. అక్కడ మాట తిరిగి వచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. సౌండ్ పెంచితే ఇంకా చెడుతుంది. సౌండ్ తగ్గించాలి, వాక్యం చివర ఒక క్షణం ఆగాలి, కుర్చీలు ముందుకు జరిపించాలి. వరుసగా మాట్లాడే వారాల్లో గొంతు అరవడం వల్లే కాదు, తరచూ సవరించుకోవడం వల్ల కూడా అలుస్తుంది. గోరువెచ్చని నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగితే ఆ అవసరం తగ్గుతుంది. బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాల్సిందే.

తెర మీద తెలుగు పాడైపోవడం ప్రతి సదస్సులోనూ చూస్తున్నదే. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వాడే అను ఫాంట్లు అచ్చుకు బాగా పనికొస్తాయి. కానీ అవి యూనికోడ్‌కు (అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర సంకేత పద్ధతికి) ముందు పద్ధతిలో చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. స్లైడ్లు యూనికోడ్‌లో, మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంట్లలో చేసుకొని, పీడీఎఫ్‌గా కూడా మార్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉండిపోతుంది. అక్షరం 28 పాయింట్లకు తగ్గొద్దు. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి పంక్తుల మధ్య ఖాళీ ఇంగ్లిషు కంటే ఎక్కువ ఇవ్వాలి. లేకుంటే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. ప్రొజెక్టర్ వైరు ఏ రకమో ముందురోజే అడిగి, దానికి తగిన కనెక్టర్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవడం మేలు.

ఇప్పుడు అసలు సంగతి, సొంత పని. ఉత్తర తెలంగాణలో దానికి కూడా ఒక క్యాలెండర్ ఉంది, అది సభల క్యాలెండర్‌తో ఢీకొంటుంది. సెప్టెంబరు సభలు ముగిసీ ముగియకముందే బతుకమ్మ తొలిరోజు ఎంగిలిపూలు వస్తాయి. బతుకమ్మ పాటలు రికార్డు చేయాలనుకునేవాళ్లకు ఆ తొమ్మిది రోజులే పంట. అప్పటికి ఏ ఊరు, ఎవరి వాకిలి, ఎవరు పాట ఎత్తుకుంటారు అన్నది తేలి ఉండాలి. ఆ తిరుగుడు ఆగస్టులోనే పూర్తి చేసుకోవాలి. మాఘంలో రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర ఫిబ్రవరి సదస్సులకు అడ్డుపడుతుంది. శాసనాల వాళ్లకు చలికాలపు వాలు ఎండ కావాలి, అదీ సదస్సుల ముందే అయిపోతుంది. కనుక డైరీలో సొంత పని తేదీలు ముందు రాసుకొని, మిగిలిన ఖాళీల్లో సభలు ఒప్పుకోవాలి.

సభల వారాల్లో కొత్త పని మొదలుపెట్టొద్దు, పాతది ఆపొద్దు. రోజుకు అరగంటలో తెగే ముక్కలు ఎంచుకోవాలి. పది నిమిషాల మాటల రికార్డింగును రాతలో పెట్టడానికి గంట దాకా పడుతుంది, యాసలో మాటలు తెలియకపోతే ఇంకా ఎక్కువ. అరగంటకు ఐదు నిమిషాల రికార్డింగు తెగుతుందన్న మాట. ఫొటోలకు పేర్లు పెట్టడం, ఊరు, మండలం, తేదీ రాయడం, ఒక అధ్యాయం ప్రూఫ్ చూడటం, ఇవన్నీ అలసిన తలతో కూడా చేయగలిగినవే. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే వరుసగా నిలబడతాయి. కొత్త వ్యాసం ఎత్తుకోవడం, శాసనం పాఠం తేల్చడం మాత్రం ఈ వారాల్లో సాగదు. వాటికి ఎడతెగని ఉదయం కావాలి. పని ఆపి లేచేటప్పుడు తర్వాతి అడుగేమిటో ఒక్క వాక్యం రాసి లేవాలి. నాలుగు రోజుల తర్వాత కూర్చుంటే ఎక్కడ ఆపామో వెతుక్కోవడంలోనే అరగంట గడిచిపోకుండా ఉంటుంది.

సభ కూడా సొంత పనికి మేత పెట్టగలదు, ఆ రాత్రే రాసుకుంటే. జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఏది, ఎవరు ఏ ఊరి సంగతి చెప్పారు, సరిచూసుకోవాల్సింది ఏది అన్న మూడూ నోటుబుక్కులో పడాలి. 'మా పొలం గట్టు మీద అక్షరాల బండ ఉంది సారూ' అని ఒక రైతు చెప్పాడంటే, ఊరు, మండలం, గుర్తుకు ఒక చెరువో గుడో, ఆయన ఒప్పుకుంటే ఫోన్ నంబరు అక్కడికక్కడే రాసుకోవాలి. వారం దాటితే మొహం గుర్తుంటుంది, ఊరు మరిచిపోతాం.

ఆ బండ దగ్గరికి పోయినప్పుడు మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే ఏమీ కనబడదు. వెలుగు నేరుగా పడుతుంది, చెక్కిన గీతలో నీడ ఉండదు. పొద్దున, సాయంత్రం వాలు ఎండలో తీయాలి. లేదంటే నీడ చేసి, టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వేయాలి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి పై నుంచి వెలుగు వేసి రెండు ఫొటోలు తీస్తే నిలువు గీతలు ఒకదాంట్లో, అడ్డగీతలు ఒకదాంట్లో తేలతాయి. పక్కన స్కేలు పెట్టాలి. సుద్ద, పిండి, నూనె రుద్దొద్దు. అవి రాతి రంధ్రాల్లో దిగుతాయి, మనకు తోచిన అక్షరాన్నే అక్కడ గీసినట్టవుతుంది, తర్వాత చదివేవాళ్లు మోసపోతారు. పాట రికార్డు చేసేటప్పుడు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, నడుమ కాల్ వస్తే రికార్డింగు తెగుతుంది. ఫ్యాను ఆపాలి. మొదట ఊరు, తేదీ, పాడేవాళ్ల పేరు పైకి చెప్పాలి. బతుకమ్మ ఆడేటప్పుడు ఫోన్ చప్పట్లకు మరీ దగ్గరుంటే శబ్దం పగులుతుంది, మూడు నాలుగు అడుగులు ఎడం ఉంచాలి. అదే రాత్రి రెండు చోట్ల కాపీ చేయాలి.

సంపాదకులను అడిగేది ఒక్కటి. మీ జిల్లా పేజీలో రోజూ 'నేటి కార్యక్రమాలు' వేస్తున్నారు. దానికి తోడు ప్రతి ఆదివారం వచ్చే రెండు వారాల సభలు, తేదీ, హాలు, మొదలయ్యే వేళ, ముగిసే వేళతో ఒకేచోట వేయగలరా? ముగిసే వేళ పేపర్లో పడితే నిర్వాహకులు దానికి కట్టుబడక తప్పదు. ఒకే సాయంత్రం ఒకే విషయం మీద మూడు హాళ్లలో సభలు పెట్టి, ఒకే వక్త కోసం ముగ్గురూ ఫోన్లు చేసే పరిస్థితీ తగ్గుతుంది. సంస్థల వాళ్లు ఫిబ్రవరి 21 సభకు జనవరి మొదటి వారంలోనే, వక్తకు ఎన్ని నిమిషాలో రాసి పిలుపు పంపాలని మనవి.

ఇట్లు,
సభల నిర్వహణలో, ప్రసంగాల్లో పాలుపంచుకుంటున్న కొందరు,
హనుమకొండ